తేనెపెట్టెలో నల్లి, హాప్ పువ్వు చేదు



నస్పూర్‌లో మా సింగరేణి క్వార్టర్ వెనుక, వేపచెట్టు నీడన రెండు తేనెపెట్టెలున్నాయి. ఒకనాడు పొద్దున్నే పెట్టె ముందు రెక్కలు వంకరపోయిన పిల్ల ఈగలు నేలమీద పాకుతున్నాయి. ఒకదాన్ని తీసి చూస్తే కడుపు కింద ఆవగింజంత ఎర్రటి పురుగు అతుక్కొని ఉంది. గొడ్లకు గోమారి పట్టినట్టు ఈగలకు పట్టే వర్రోవా నల్లి ఇదే. ఒంట్లోని కొవ్వు తింటుంది, రెక్కలు చెడగొట్టే వైరస్‌నూ అంటిస్తుంది.

చిత్రమేమిటంటే, ఇది మొదట మన ఆసియా పుట్టతేనెటీగల మీది నల్లే. మన ఈగ దాన్ని దులిపి, కొరికి పారేస్తుంది. 1962లో నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగకు ఆ విద్య అంతగా రాదు. మా పెట్టెల్లో ఉన్నది అదే.

ఎవరో చెప్పారని కలరా ఉండలు వేశాను. తేనె అంతా ఆ వాసనే! పిల్లలు నాకే తేనె కదా, మొత్తం పారబోశాను. ఫ్లూవాలినేట్ వంటి మందులకేమో చాలా దేశాల్లో నల్లి మొండికెత్తింది, పైగా ఆ మందు మైనంలో నిలిచిపోతుంది.

అందుకే హాప్ మందు సంగతి చెబుతున్నాను. హాప్ అనేది బీరుకు చేదునిచ్చే తీగ, గంజాయి కుటుంబానిది. మన దేశంలో లాహౌల్ లోయలో పండించారు. దాని పువ్వులోని బీటా ఆమ్లాలతో అట్టముక్కలను తడిపి చట్రాల మధ్య వేలాడదీస్తారు. ఈగలు రాసుకుంటూ తిరుగుతుంటే నల్లి చచ్చి రాలుతుంది. అమెరికాలో 2015లో దీన్ని నమోదు చేశారు, తేనెలో దీనికి పరిమితి పెట్టనక్కరలేదన్నారు.

"అట్లయితే వదినా, ఇంత బీరు పోస్తే సరిపోదా?" అన్నది మా ఆడబిడ్డ. సరిపోదమ్మా! బీరులోకి దిగే చేదు ఆల్ఫా ఆమ్లాలది. బీటావి అందులో సరిగా కరగనే కరగవు.

లోపం కూడా చెప్పాలి. తల్లి నల్లి, మూత పడబోయే గదిలోకి దూరి లోపలే పిల్లల్ని పెడుతుంది. పనిఈగ గదికి మూత పన్నెండు రోజులుంటుంది. మందు ఆ మూత దాటి పోదు, బలమూ కొద్దిరోజులే. అంచేత పూలు తగ్గి, రాణి గుడ్లు మానినప్పుడు పెడితేనే పూర్తి ఫలం. పిల్లలున్న పెట్టెలో ఒక్కసారి పెట్టి ఊరుకుంటే నల్లి మళ్లీ వస్తుంది. అట్టలు ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, కళ్లకు తగలనివ్వకండి.