బిడ్డ కావాలనుకోవడమూ హక్కే: సంతాన చికిత్సలో ఒకరికొకరం తోడు

పల్నాడులో ఫీల్డ్‌వర్క్‌కి వెళ్ళినప్పుడు ఒక అక్క రేకు పెట్టె తెరిచి ప్లాస్టిక్ సంచి తీసి నా ముందు పెట్టింది. అందులో ఆరేళ్ళ కాగితాలున్నాయి. స్కానింగ్ రిపోర్టులు, మందుల చీటీలు, మూడు ఊళ్ళ ఆసుపత్రుల బిల్లులు. వాటి మధ్య ఒక తాయెత్తు, ప్రార్థన చేసి ఇచ్చిన నూనె సీసా. "అన్నీ నావే చెల్లీ. ఆయనది ఒక్క కాగితం లేదు" అంది.

ఆమె రిపోర్టుల్లో చెప్పుకోదగ్గ లోపం ఏదీ లేదు. ఆమె భర్త పదిహేనేళ్ళుగా కూలికి పత్తికీ మిరపకీ మందు కొడుతున్నాడు. ఆరేళ్ళలో ఏ డాక్టరూ ఆయనకు పరీక్ష రాయలేదు. అత్తగారు మాత్రం కోడలికి పేరు పెట్టేసింది: గొడ్రాలు.

ఆ సంచి చూస్తుంటే నా ఫైలు గుర్తొచ్చింది. పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. మేమిద్దరం బిడ్డ కోసం ప్రయత్నిస్తూ మూడేళ్ళు. ఈ సంగతి నా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. కుల వివక్ష గురించీ, రోహిత్ చట్టం గురించీ గంటలు గంటలు మాట్లాడుకునే మా విద్యార్థి సంఘంలో కూడా ఎవరికీ చెప్పలేదు. పిల్లలు పుట్టకపోవడం మా ఇంటి విషయం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

కనొద్దన్నప్పుడు వచ్చినవాళ్ళు, కావాలన్నప్పుడు రాలేదు

మన వాడలకు ప్రభుత్వం కుటుంబ నియంత్రణ పేరుతో చాలా శ్రద్ధగా వచ్చింది. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో బలవంతానికి ఎక్కువగా గురైనది పేదలే. తర్వాత ఆ భారం ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలోనూ ఈ రెండు రాష్ట్రాలే దేశంలో ముందున్నాయి.

ఇరవై రెండేళ్ళకే ఆపరేషన్ అయిపోయిన తల్లికి బిడ్డ చనిపోతే ఏమిటి దారి? ట్యూబులు మళ్ళీ కలిపే రీకెనలైజేషన్ ఆపరేషన్ ఉందని ఆమెకు ఎవరు చెబుతారు? అది ఫలిస్తుందా లేదా అన్నది ఆమె వయసు మీద, మిగిలిన ట్యూబు పొడవు మీద ఆధారపడుతుంది. అందుకే ఆలస్యం చేయకుండా అడగాలి. కనొద్దని చెప్పడానికి ఏఎన్ఎమ్ ఇంటి గడప దాకా వచ్చింది. ఇది చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఇప్పుడు గాలి మారింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అని నాయకులు పిలుపునిస్తున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. కానీ కనాలనుకుని కనలేకపోతున్న కూలి మనిషికి చికిత్స ఎక్కడ? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్ఎస్ కింద ఐవీఎఫ్‌కి విడతకు 65 వేల రూపాయల వరకు, మూడు విడతల దాకా తిరిగి చెల్లించే ఉత్తర్వు 2011 నుంచి ఉంది. ఆ ఆఫీసునే ఊడ్చే కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలికి ఆ ఉత్తర్వు వర్తించదు.

అమెరికాలో నల్లజాతి స్త్రీలు 1994లో ఈ అన్యాయానికి ఒక పేరు పెట్టారు: పునరుత్పత్తి న్యాయం. బిడ్డ వద్దనుకునే హక్కు, బిడ్డ కావాలనుకునే హక్కు, పుట్టిన బిడ్డను భద్రంగా పెంచుకునే హక్కు మూడూ కలిసే ఉంటాయని వాళ్ళ వాదన. మనం మొదటిదాని గురించి కొంత మాట్లాడాం. మూడోదాని కోసం రోజూ పోరాడుతున్నాం. రెండోదాన్ని వదిలేశాం.

ముందు పరీక్ష ఎవరికి?

ఏడాది పాటు ఏ గర్భనిరోధకమూ లేకుండా కలిసున్నా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. స్త్రీకి 35 ఏళ్ళు దాటితే ఆరు నెలలకే డాక్టరును కలవడం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం, ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. దాదాపు సగం కేసుల్లో కారణం పూర్తిగానో కొంతగానో మగవాళ్ళ వైపు ఉంటుంది.

పరీక్షల్లో అతి తేలికైనది, చవకైనది మగవాళ్ళకు చేసే వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి. సూది లేదు, కోత లేదు. ఫలితం తేడాగా వస్తే కంగారు పడకుండా మళ్ళీ చేయించాలి. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది కాబట్టి జ్వరం, మందు, పొగాకు, విపరీతమైన వేడి ప్రభావం తర్వాతి నెలల్లో కనిపిస్తుంది. పత్తి చేలలో మందు కొట్టే మగవాళ్ళ కుటుంబాలను హైదరాబాద్ పరిశోధకులు అధ్యయనం చేసి 1991లోనే ఫలితాలు ప్రచురించారు. ఆ కుటుంబాల్లో సంతానలేమి, గర్భస్రావాలు ఎక్కువని తేల్చారు. చేను ఎవరిదో, మందు డబ్బా ఎవరి వీపు మీద ఉంటుందో మనకు తెలుసు. అంటే ఇది కులం ప్రశ్న కూడా.

స్త్రీలకు ముందుగా థైరాయిడ్ రక్తపరీక్ష, అండం విడుదలవుతోందో లేదో చూసే స్కానింగ్, ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో చూసే హెచ్ఎస్‌జీ ఎక్స్‌రే చేస్తారు. ట్యూబులు మూసుకుపోతే టీబీ సంగతి తప్పకుండా అడగాలి. మన దేశంలో ట్యూబులు దెబ్బతినడానికి టీబీ ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండానే అది గర్భసంచికి, ట్యూబులకు సోకగలదు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి ఉన్నచోట టీబీ ఎక్కువ. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

చికిత్స మెట్లు మెట్లుగా సాగుతుంది. మొదట అండం విడుదలకు మాత్రలు, తర్వాత శుద్ధి చేసిన వీర్యాన్ని గర్భసంచిలోకి పంపే ఐయూఐ, ఆ తర్వాత ఐవీఎఫ్. ట్యూబులు రెండూ మూసుకుపోతే, వీర్యకణాలు మరీ తక్కువైతే డాక్టర్లు నేరుగా ఐవీఎఫ్ చెప్పొచ్చు. అలాంటి కారణం లేకుండా మొదటి రోజే ఐవీఎఫ్ ప్యాకేజీ చేతిలో పెడితే ఇంకొక డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. ఐవీఎఫ్‌లో పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు, మధ్యలో నాలుగైదు స్కానింగులు, మత్తిచ్చి అండాలు తీయడం, పిండాన్ని గర్భసంచిలో పెట్టడం, ఆపై రెండు వారాల ఎదురుచూపు ఉంటాయి. ప్రైవేటులో ఒక్క విడతకే లక్షన్నర దాటుతుంది. వయసులో ఉన్నవాళ్ళకే ఒక్క విడతలో ఫలిస్తుందన్న భరోసా లేదు. 35 దాటాక అవకాశం తగ్గుతుంది, 40 దాటితే బాగా తగ్గుతుంది. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు. బంగారం తాకట్టు పెట్టే ముందు అక్కడ ఏ సేవలు అందుతున్నాయో వెళ్ళి కనుక్కోవాలి.

చట్టం మన చేతిలో ఉండాలి

సంతాన సాఫల్య కేంద్రాల నియంత్రణకు 2021లో పార్లమెంటు చట్టం చేసింది. రిజిస్ట్రేషన్ లేని క్లినిక్ చికిత్స చేయకూడదు. ఫలితం వచ్చే అవకాశం ఎంతో, దుష్ప్రభావాలేమిటో ముందే చెప్పాలి. రాతపూర్వక అనుమతి లేకుండా ఏదీ చేయకూడదు. ఆడపిల్లో మగపిల్లాడో ఎంచి ఇస్తామనడం నేరం. స్త్రీకి 21 నుంచి 50 ఏళ్ళు, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ళు వయోపరిమితి. పెళ్ళి కాని స్త్రీ కూడా చికిత్స కోరవచ్చు.

ఈ చట్టానికి రెండో వైపు కూడా మన వాడలోనే ఉంది. అండం ఇచ్చే స్త్రీ ఎవరు? చాలాసార్లు అప్పుల్లో ఉన్న పేదింటి ఆడమనిషి. చట్టం ప్రకారం దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడుకు మించి అండాలు తీయకూడదు, ఆమెకు బీమా చేయించాలి, అండాలు అమ్మడం కొనడం నేరం. డబ్బుకు గర్భం మోసే సరోగసీని అదే ఏడాది వచ్చిన మరో చట్టం నిషేధించింది. అయినా 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక క్లినిక్ గుట్టు బయటపడింది. సరోగసీ ద్వారా పుట్టిన మీ బిడ్డే అని చెప్పి అప్పగించిన శిశువుకు ఆ దంపతులతో డీఎన్ఏ సరిపోలేదు. వేరే పేద కుటుంబం దగ్గర తీసుకున్న బిడ్డ అని పోలీసులు చెప్పారు. ఒక పేద తల్లి బిడ్డను పోగొట్టుకుంటే ఇంకొకరి ఆశ తీరడం న్యాయం కాదు. మన తోడు ఇద్దరికీ ఉండాలి.

తోడంటే చేసే పని

"అంతా మంచే జరుగుతుంది" అనే మాట నాకెప్పుడూ పనికి రాలేదు. "సోమవారం స్కానింగుకి నేనొస్తాను" అన్న మాట పనికొచ్చింది. ఆ అక్కతో, మరికొందరు స్త్రీలతో మాట్లాడాక నాకు అర్థమైన సంగతులివి.

అడగడం మానాలి. "ఏమైనా విశేషమా?", "ఇంకా నీళ్ళోసుకోలేదా?" అని ప్రతి పెళ్ళిలో, ప్రతి మీటింగులో అడిగే మాట గాయం చేస్తుంది. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు. మన పాటల్లో, ఉపన్యాసాల్లో కూడా గొడ్రాలు అనే మాట తీసేయాలి. సీమంతానికి రాలేనంటే నొచ్చుకోకూడదు. మనలో ఒకరు నెల తప్పితే ఆ కబురు నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి. తను ఏడవడానికి కాస్త చోటు దొరుకుతుంది.

ఫైలు ఇద్దరి పేరనా ఉండాలి. ఏ తేదీన ఏ మందు, ఎంత మోతాదు, స్కానింగులో ఏం కనిపించింది అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. చదువుకున్న మనం చేయగల పని ఇది. అనుమతి పత్రం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించమని అడగాలి. అడగడానికి ఒక్కరికే భయమైతే ఇద్దరం వెళ్ళాలి. క్లినిక్‌లో ఫిర్యాదుల విభాగం ఉండాలని చట్టమే చెబుతోంది.

రోజు కూలి లెక్కలో పెట్టాలి. స్కానింగుకు వెళ్ళిన ప్రతి రోజూ కూలి పోతుంది, బస్సు ఛార్జీ అదనం. ఆ రోజు ఆమె వంతు పని మనలో ఒకరు చేయొచ్చు. కొన్ని ఇంజెక్షన్లు ఫ్రిజ్‌లో పెట్టాలి, రోజూ ఒకే వేళకు వేయాలి. ఫ్రిజ్ లేని ఇంటికి పక్కింటి ఫ్రిజ్‌లో ఒక అర దొరికితే అదే పెద్ద సాయం. నేను హాస్టల్ మెస్‌లో "అలర్జీ మందు" అని అబద్ధం చెప్పి దాచుకున్నాను. ఆ అబద్ధం అవసరం లేని హాస్టల్ కావాలి. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీ స్త్రీలకు 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. గర్భం కోసం చికిత్స తీసుకునే రోజులు అందులో లేవు. ఇది విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రంలో చేరాలి.

డబ్బు హద్దు ముందే గీసుకోవాలి. డ్వాక్రా అప్పు, చీటీ డబ్బు, మైక్రోఫైనాన్స్ అన్నీ ఒక్క చికిత్సలో పోయిన ఇళ్ళను చూశాను. ఎన్ని విడతలు, ఎంత వరకు అన్నది చికిత్సకు ముందే దంపతులిద్దరూ ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆశ బలంగా ఉన్న రోజున ఆ లెక్క వేయడం కష్టం.

ప్రమాదం గుర్తులు తోడున్నవాళ్ళకూ తెలియాలి. ఇంజెక్షన్ల తర్వాత కడుపు బాగా ఉబ్బడం, వాంతులు ఆగకపోవడం, మూత్రం తగ్గడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఇక మగవాళ్ళు. భర్తను పరీక్షకు ఒప్పించే భారం కూడా భార్య మీదే వేస్తున్నాం. ఆ మాట ఒక అన్నయ్యో స్నేహితుడో చెబితే వేరుగా వినపడుతుంది. ఉద్యమంలో ఉన్న మగవాళ్ళు ఈ పని తీసుకోవాలి.

ఆపేయడానికీ తోడు కావాలి

కొందరికి బిడ్డ పుడతాడు, కొందరికి పుట్టడు. చికిత్స ఆపేస్తానన్న మనిషిని "ఇంకొక్కసారి చూడు" అని తోయడం తోడు కాదు. దత్తత తీసుకోవాలనుకునేవాళ్ళకు ప్రభుత్వ కారా వ్యవస్థ ద్వారానే వెళ్ళాలని చెప్పడం తోడు. పిల్లలు లేకుండానే బతుకుతామంటే ఆ బతుకును సగం బతుకుగా చూడకపోవడం తోడు.

సావిత్రిబాయి, జోతిరావు ఫూలేలకు కడుపున పుట్టిన పిల్లలు లేరు. ఆ కాలంలో అలాంటి ఇంట్లో మగవాడికి రెండో పెళ్ళి మామూలు సంగతి. జోతిరావు చేసుకోలేదు. దిక్కులేని గర్భిణీ వితంతువుల కోసం వాళ్ళు నడిపిన ఆశ్రయంలో పుట్టిన బిడ్డనే యశ్వంత్ అని పెంచుకున్నారు. అతను డాక్టరయ్యాడు. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రిబాయి చనిపోయింది. ఆమెను మనం తల్లీ అనే పిలుస్తాం.

పల్నాడు అక్క దగ్గరికి మూడోసారి వెళ్ళినప్పుడు మావారు కూడా వచ్చారు. ఆయన, అక్క భర్త చెట్టు కింద చాలాసేపు కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తర్వాతి వారం ఇద్దరూ కలిసి గుంటూరు వెళ్ళారు. వీర్యకణాలు తక్కువగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష ఉంది, అప్పటిదాకా మందు కొట్టే పనికి వెళ్ళనన్నాడు. ఆ కూలి ఎలా పూడుతుందో ఇంకా తేలలేదు. అక్క ఫోన్ చేసి ఒక్క మాటే చెప్పింది: "సంచిలో ఆయన కాగితం కూడా పడింది చెల్లీ."