బండను కోసే పళ్లు: ఉత్తరాంధ్ర నీలిరాయి నుంచి సొరంగ యంత్రం దాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నేలకు పునాదిగా ఉన్న శిలల్లో ప్రధానమైనవి ఖోండలైట్, చార్నకైట్ అనే రెండు జాతులు. తూర్పు కనుమల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా మొదటిదానికి ఆ పేరు వచ్చింది. కలకత్తాలోని జాబ్ చార్నక్ సమాధి ఫలకం రెండవ జాతి రాతితో చేసినది కావడం వల్ల, 1893లో హాలండ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దానికి చార్నకైట్ అని పేరు పెట్టాడు. ఈ రెండు రాళ్లూ పక్కపక్కనే పుట్టి, ఒకే కొండల వరుసలో కలిసి ఉన్నప్పటికీ, పనిముట్టుకు లొంగే తీరులో మాత్రం ఒకదానికొకటి పోలిక లేదు. ఖోండలైట్ వానకు, ఎండకు త్వరగా శిథిలమై మెత్తబడుతుంది కనుకనే కోణార్క ఆలయ శిల్పులు దానిపై అంత సన్నని పనితనం చూపగలిగారు, ఆ శిల్పాలు తీరపు గాలికి అంతగా అరిగిపోవడానికీ అదే కారణం. టెక్కలి, కోటబొమ్మాళి, సంతబొమ్మాళి ప్రాంతాల క్వారీల్లో తీసే నీలి ఛాయ గల రాయి ఇందుకు పూర్తిగా విరుద్ధమైనది. వ్యాపారంలో గ్రానైట్ అనే ఒక్క పేరుతో చెలామణి అయ్యే రాళ్లలో చార్నకైట్, నీస్ జాతులు కూడా కలిసి ఉంటాయి. స్ఫటికశిల, ఫెల్డ్‌స్పార్ వంటి గట్టి ఖనిజాల రేణువులు ఖాళీ లేకుండా ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఏర్పడిన ఈ రాళ్లు ఉక్కును సైతం త్వరగా అరగదీస్తాయి. ఇలాంటి బండను కోయడానికి మనిషి తయారుచేసిన పనిముట్ల రూపం ఎందుకు అలా ఉందో తెలుసుకోవాలంటే, ముందు రాతికి ఉన్న ఒక బలహీనతను గమనించాలి.

మంచి గ్రానైట్ ముక్కను రెండు వైపుల నుంచి నొక్కితే, అది పగలడానికి చదరపు సెంటీమీటరుకు సుమారు 1,000 నుంచి 2,500 కిలోల బరువు కావాలి. అదే ముక్కను రెండు కొసలా పట్టి లాగగలిగితే, అందులో పదో వంతో, అంతకన్నా తక్కువో బలానికే అది తెగిపోతుంది. నొక్కుడుకు అంత గట్టిగా నిలిచే రాయి లాగుడుకు ఇంత తేలికగా లొంగడానికి కారణం, దాని రేణువుల మధ్య కంటికి కనిపించని సన్నని పగుళ్లు ముందే ఉండడం. నొక్కినప్పుడు ఆ పగుళ్లు మూసుకుంటాయి, లాగినప్పుడు విచ్చుకుంటాయి. అయితే బండను పట్టుకుని లాగే మార్గం ఏ పనిముట్టుకూ లేదు, అది చేయగలిగిందల్లా నెట్టడం, కొట్టడం, ఒత్తడం మాత్రమే. అందువల్ల నెట్టే బలాన్ని రాతి లోపల లాగే బలంగా మార్చడమే రాతి పనిముట్ల రూపకల్పనలోని మొదటి సమస్య అయింది. రెండవ సమస్య ఆ పనిముట్టు అరుగుదల. ఈ రెండింటిలో రెండవదే కష్టమైనదని, రాతి పనిముట్టును రూపొందించడమంటే సగానికి పైగా అది అరిగే పద్ధతిని రూపొందించడమేనని ఈ యంత్రాల చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

మొదటి సమస్యకు మనిషి కనుగొన్న అతి పాత సమాధానం చీల. బండపై గీత గీసి, ఆ గీత వెంట వరుసగా గుంతలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగగొట్టి, ఒక్కొక్కదాన్ని సమ్మెటతో కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే, కొంతసేపటికి బండ ఆ గీత వెంటే విడిపోతుంది. చీల కిందికి దిగుతున్నా దాని వాలు పక్కలు రాతిని రెండు వైపులకూ తోస్తాయి, ఆ తోపుడే గుంతకూ గుంతకూ మధ్య ఉన్న రాతికి లాగుడుగా పరిణమిస్తుంది. తరువాతి కాలంలో గుండ్రని రంధ్రంలో చీలకు రెండు పక్కలా రెండు ఇనుప బద్దలు పెట్టే పద్ధతి వచ్చింది. దీనివల్ల చీల రాతిని రాసుకోకుండా బద్దల మీద జారుతుంది, కనుక దెబ్బలో ఎక్కువ భాగం చీల్చడానికే ఉపయోగపడుతుంది. చీలే దిశను గుర్తించే నేర్పు మాత్రం ఇప్పటికీ పనివారిదే, ఎందుకంటే ఒకే బండ ఒక దిశలో సులువుగా విడిపోయి, మరో దిశలో మొండికేస్తుంది.

ఉలి విషయంలో అరుగుదల సమస్య స్పష్టంగా బయటపడుతుంది. రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టేవారు వెంట ఎన్నో ఉలులు ఉంచుకోవలసి రావడం, వాటిని తరచూ కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మళ్లీ పదును పెట్టించుకోవలసి రావడం ఇందుకు నిదర్శనం. మొనను మరీ గట్టిపరిస్తే పెళుసెక్కి విరుగుతుంది, మెత్తగా వదిలేస్తే వంగిపోతుంది. మెత్తని రాతికి సన్నని మొన, గట్టి రాతికి మొద్దు మొన అనే నియమం చదువులేని కమ్మరికి కూడా తెలుసు. గట్టిరాతిపై సన్నని మొన ఎంత తొందరగా దిగినా, దాని వెనుక దన్నుగా ఉండే లోహం చాలక అది విరిగిపోతుంది.

ఈ చిక్కును ఇరవయ్యో శతాబ్దంలో తీర్చినది టంగ్‌స్టన్ కార్బైడ్. 1923లో జర్మనీలో రూపుదిద్దుకున్న ఈ పదార్థంలో ఎంతో గట్టిదైన కార్బైడ్ పొడిని కోబాల్ట్ అనే లోహంతో కలిపి, అచ్చులో ఒత్తి, కాల్చి ముద్ద చేస్తారు. గట్టిదనం కార్బైడ్ నుంచి, దెబ్బను ఓర్చుకునే గుణం కోబాల్ట్ నుంచి వస్తాయి. కోబాల్ట్ పాలు పెంచితే పదార్థం దెబ్బకు బాగా నిలుస్తుంది కానీ త్వరగా అరుగుతుంది, తగ్గిస్తే అరుగుదల తగ్గినా పగిలిపోయే భయం పెరుగుతుంది. క్వారీల్లో వాడే జాక్ హ్యామర్ రాడ్డు కొసన అతికి ఉండే చిన్న పలక ఇదే. అది నిమిషానికి దాదాపు 2,000 దెబ్బలు కొడుతూ, దెబ్బకూ దెబ్బకూ మధ్య కొద్దిగా తిరుగుతుంది. ఆ తిరుగుడు లేకపోతే ప్రతి దెబ్బా ముందు దెబ్బ పడిన గాటులోనే పడి, అప్పటికే నలిగిన పొడిని మళ్లీ నలపడంతో సరిపోతుంది. పక్కన కొద్ది దూరంలో పడితేనే రెండు గాట్ల మధ్య రాయి పెచ్చుగా ఊడివస్తుంది.

ఇదే సూత్రాన్ని దగ్గర నుంచి చూడాలంటే బోరు లారీ వద్ద పక్కన పడేసిన పాత బిట్టును గమనిస్తే చాలు. ఆరున్నర అంగుళాల బోరు వేసే ఆ ఉక్కు ముద్ద ముఖంపై కార్బైడ్ గుండీలు పొదిగి ఉంటాయి. ఒత్తిడికి ఒక్కొక్క గుండీ కింద రాయి నలిగి పిండి అవుతుంది, ఆ పిండి చుట్టూ పగుళ్లు పుడతాయి, ఒత్తిడి తీసిన మరుక్షణం ఆ పగుళ్లలో కొన్ని పైకి వంగి ఉపరితలాన్ని చేరగా పెచ్చు లేస్తుంది. గట్టిరాతికి అర్ధగోళాకారపు గుండీలు, మెత్తని రాతికి మొనదేలిన గుండీలు పొదుగుతారు. బిట్టు అంచున ఉన్న గుండీలు మధ్యవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతూ, బోరు గోడను కూడా రాసుకుంటూ పోవాలి కాబట్టి, అక్కడ వాటి సంఖ్య ఎక్కువగా, వాలు బయటికి ఉండేలా చేస్తారు. అయినా ముందు అరిగేవి అవే. అవి అరిగేకొద్దీ రంధ్రం కింద సన్నబడుతుంది. అందుకే పాత బిట్టుతో సగం వేసిన బోరులోకి కొత్త బిట్టు దించితే అది మధ్యలో బిగుసుకుపోతుంది.

అలంకరణ రాయిని తీసే క్వారీలకు పెచ్చులు లేపడం పనికిరాదు. అక్కడ కావలసింది పగులు లేని పెద్ద దిమ్మ. మందుగుండుతో విడదీసిన దిమ్మల్లో కంటికి కనబడని పగుళ్లు మిగిలిపోయి, పలకలుగా కోసిన తరువాత బయటపడి, కొండలో చాలా భాగం వృథా గుట్టగా మారేది. ఇటలీలోని కరారా పాలరాతి క్వారీల్లో 1970 దశకం చివర్లో వ్యాప్తిలోకి వచ్చి, తరువాత గ్రానైటుకూ అలవడిన వజ్రపు తీగ రంపం ఈ పరిస్థితిని మార్చింది. పై నుంచి ఒక రంధ్రం, పక్క నుంచి మరొక రంధ్రం బండ లోపల కలిసేలా తొలిచి, వాటి గుండా తీగను దూర్చి, రెండు కొసలనూ కలిపి, పట్టాలపై వెనక్కు జరిగే యంత్రపు చక్రానికి తగిలిస్తారు. తీగ సెకనుకు సుమారు 25 మీటర్ల వేగంతో, అంటే గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ రాతిలోకి దిగుతుంది.

ఈ తీగ రాతి పనిముట్లలోకెల్లా మేధస్సు ఎక్కువగా ఇమిడిన వస్తువనడం అతిశయోక్తి కాదు. అయిదు మిల్లీమీటర్ల ఉక్కు తాడుపై మీటరుకు 40కి దగ్గరగా పూసలు గుచ్చి ఉంటాయి. ఒక్కొక్క పూస మందం 11 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, దాని పైపొరలో అర మిల్లీమీటరుకు లోపు పరిమాణం గల కృత్రిమ వజ్రపు రేణువులు లోహపు పొడిలో కలిసి ఉంటాయి. రాతిని గీసేది వజ్రమే అయినా, తీగ పనితనాన్ని నిర్ణయించేది దాన్ని పట్టి ఉంచిన లోహం. కొంతసేపు పనిచేశాక ప్రతి వజ్రం మొన మొద్దుబారుతుంది. ఆ సమయానికి చుట్టూ ఉన్న లోహం సరిగ్గా తగినంత అరిగి దాన్ని వదిలేయాలి, కింద ఉన్న కొత్త వజ్రం బయటపడాలి. లోహం మరీ గట్టిదైతే మొద్దుబారిన వజ్రాలు ఊడక, పూస నునుపెక్కి, రాతిపై ఊరికే జారుతుంది. మెత్తనిదైతే ఇంకా పదునుగా ఉన్న వజ్రాలే రాలిపోతాయి. అందువల్ల పొడి గరుకుగా ఉండి లోహాన్ని త్వరగా తినే రాతికి గట్టి లోహం, ఎంత గట్టిదైనా అంతగా గరుకు లేని రాతికి మెత్తని లోహం వాడవలసి వస్తుంది. గట్టి రాతికి గట్టి పూసే కావాలనుకునేవారికి ఇది తలకిందులుగా తోచవచ్చు, కానీ ఈ తూకం తప్పితే ఖరీదైన తీగ కొద్ది చదరపు మీటర్ల కోతకే చెడిపోతుంది.

తీగను కలిపే పద్ధతిలోనూ ఇంతటి శ్రద్ధే ఉంది. రెండు కొసలూ బిగించే ముందు దాన్ని మీటరుకు ఒకటి రెండు మెలికల లెక్కన తిప్పి మరీ బిగిస్తారు. ఆ మెలిక వల్ల పరుగులో పూసలు తమ చుట్టూ తాము తిరుగుతూ అన్ని వైపులా సమంగా అరుగుతాయి. మెలిక లేకపోతే ఒక పక్కే అరిగి, పూస కోడిగుడ్డు ఆకారానికి వచ్చి, ఆ తరువాత తిరగడమే మానేస్తుంది. పూసల మధ్య తాడుపై పోసే ప్లాస్టిక్ లేదా రబ్బరు పొర రాతి పొడి తాడును కోయకుండా కాపాడుతుంది, తాడు తెగినప్పుడు పూసలు తూటాల్లా ఎగిరి పనివారికి తగలకుండా కూడా అడ్డుకుంటుంది. తీగ వెళ్లే దారికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదన్న నియమం ఈ తెగే ప్రమాదం వల్లే పుట్టింది.

ఉత్తరాంధ్ర కొండల ఖోండలైట్, చార్నకైట్ రాళ్లలో తరచుగా కనిపించే ఎర్రని గోమేదిక (గార్నెట్) ఖనిజపు రేణువులు కొండలు శిథిలమైనప్పుడు విడివడి, నాగావళి, వంశధార వంటి నదుల వెంట సముద్రాన్ని చేరి, శ్రీకాకుళం తీరపు ఇసుకలో ఇల్మనైట్, సిల్లిమనైట్‌లతో పాటు పోగయ్యాయి. గోమేదిక రేణువులను ఎంతో ఒత్తిడి గల నీటిధారలో కలిపితే ఆ ధార రాతిని, ఉక్కును కూడా కోస్తుంది. రంపం పళ్లను అరగదీసే ఖనిజమే మరో యంత్రంలో పన్నుగా పనిచేయడం ఈ జిల్లా భూగర్భ సంపదలోని విశేషం.

సొరంగాల విషయానికి వస్తే, విజయనగరం జిల్లా కొత్తవలస నుంచి బయలుదేరి తూర్పు కనుమలను దాటే కిరండూల్ రైలు మార్గంలోని 58 సొరంగాలను 1960 దశకంలో రంధ్రాలు వేసి మందు పేల్చే పద్ధతిలోనే తొలిచారు. రాతిని పూర్తిగా యంత్రంతోనే కొరికే మార్గం అంతకు కొన్నేళ్ల ముందే అమెరికాలో రూపుదిద్దుకోవడం మొదలైంది. జేమ్స్ రాబిన్స్ తయారుచేసిన తొలి యంత్రాల ముఖంపై స్థిరమైన ఉక్కు పళ్లతో పాటు తిరిగే చక్రాలు కూడా ఉండేవి. పళ్లు తరచూ విరిగిపోతుండగా చక్రాలు నిలబడ్డాయి. 1956లో టొరొంటోలోని హంబర్ నది మురుగునీటి సొరంగంలో పళ్లను పూర్తిగా తీసేసి, చక్రాలతోనే పని సాగించారు. ఈనాటికీ గట్టిరాతి సొరంగ యంత్రాలన్నీ అదే దారిలో ఉన్నాయి. సాధారణంగా 17 అంగుళాల వ్యాసం గల ఉక్కు చక్రాన్ని సుమారు 25 టన్నుల బరువుతో రాతిపై ఒత్తి దొర్లించగా, దాని కింద రాయి నలిగి, రెండు పక్క గాళ్ల నుంచి వచ్చిన పగుళ్లు మధ్యలో కలిసి, పొడవాటి పెచ్చు ఊడిపడుతుంది. గాళ్లు మరీ దగ్గరైతే రాయి పిండి అయి శక్తి వృథా అవుతుంది, దూరమైతే పగుళ్లు కలవక మధ్యలో గట్టు మిగులుతుంది. చక్రం దొర్లుతుంది కనుక వేడి, అరుగుదల దాని చుట్టుకొలత అంతటా పంచుకుపోతాయి. తీగకు వేసే మెలిక, జాక్ హ్యామర్ తిరుగుడు, ఈ చక్రం దొర్లుడు మూడింటి వెనుకా ఉన్నది ఒకే ఆలోచన. సింగరేణి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గును కోసే యంత్రపు డ్రమ్ముపై ఉండే శంఖాకారపు పళ్లు తమ గూళ్లలో తిరిగేలా అమర్చడానికీ అదే కారణం. బొగ్గు మెత్తనిది కనుక అక్కడ పళ్లు సరిపోతాయి, మధ్యలో ఇసుకరాయి తగిలితే మాత్రం నిప్పురవ్వలు లేచి గని వాయువు అంటుకునే ప్రమాదం ఉండడం వల్ల పంటి వెనకే నీటి తుంపర ఏర్పాటు చేస్తారు.

తెలుగు నేలపై ఈ చక్రాల యంత్రాలకు ఎదురైన పెద్ద పరీక్ష శ్రీశైలం ఎడమగట్టు సొరంగం. దాదాపు 44 కిలోమీటర్ల పొడవు, 10 మీటర్ల వ్యాసం గల ఆ సొరంగాన్ని రెండు కొసల నుంచి రెండు యంత్రాలతో తొలవడం మొదలుపెట్టారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి, నీరు, బురద ముంచెత్తి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. చక్రం ఎంత గట్టిదైనా అది బలం చూపేది ఎదుట ఉన్న రాతిపైనే. పైన ఉన్న రాతిలోని పగుళ్లు, వాటిలో నిలిచిన నీరు పనిముట్టు లెక్కలోకి రావు, వాటిని ముందుగా పసిగట్టే పరీక్షలకు, కప్పుకు దన్నుగా పెట్టే ఆధారాలకు పనిముట్టుతో సమానమైన ప్రాధాన్యం దక్కాలి.

పనివారి ఊపిరితిత్తుల సంగతి కూడా ఈ రూపకల్పనలో భాగమే. స్ఫటికశిల ఉన్న రాతిని పొడిగా తొలిచినప్పుడు లేచే అతి సన్నని ధూళి లోపలికి చేరి సిలికోసిస్ అనే నయం కాని వ్యాధిని తెస్తుంది. 1890 దశకంలో అమెరికాలో లేనర్ తయారుచేసిన బోలు రాడ్డు డ్రిల్లు మొదట గాలినే లోపలి నుంచి వదలడంతో దుమ్ము విపరీతంగా లేచి పనివారు దాన్ని తిరస్కరించారు. గాలితో పాటు నీటిని పంపిన తరువాతే అది నిలబడింది. పిండి ఎక్కువగా లేస్తోందంటే పనిముట్టు శక్తిని వృథా చేస్తోందని కూడా అర్థం, ఎందుకంటే రాతిని పెచ్చులుగా లేపడానికి పట్టే శక్తికన్నా పిండి చేయడానికి పట్టే శక్తి ఎన్నో రెట్లు ఎక్కువ. మొద్దుబారిన బిట్టును సానబట్టకుండా వాడించే క్వారీలో డీజిలు ఖర్చు, పనివారు పీల్చే దుమ్ము రెండూ కలిసే పెరుగుతాయి. జాక్ హ్యామర్ పలకను 110 డిగ్రీల కోణానికి మళ్లీ సానబట్టే పనికి, రాడ్డుకు నీరు అందించే సన్నని గొట్టానికి అయ్యే ఖర్చు యజమానికి నష్టం కాదు, ఆ రెండూ లేని క్వారీలో రంధ్రం వేయడానికి ఎవరినీ దించకూడదు.