పండగ మనకి... గండం టామీకి!

డిసెంబరు వచ్చిందంటే చాలు... వాకిట్లో కాగితపు నక్షత్రం వేలాడుతుంది. హాల్లో ఓ మూల క్రిస్మస్ చెట్టు వెలుస్తుంది. వంటింట్లోంచి కేకు వాసన, గులాబీ పువ్వులు వేగుతున్న కమ్మటి వాసన వీధి చివరిదాకా వస్తాయి. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఓ కేకు ముక్క పెడతాం. మరి కాళ్ల దగ్గర కూర్చుని తోకాడిస్తూ మన చేతివంకే చూసే టామీకి? 'పాపం, అదీ మన ఇంట్లో మనిషే కదా' అంటూ దానికీ ఓ ముక్క విసురుతాం. చిక్కంతా అక్కడే! పండగ రోజుల్లో పెంపుడు జంతువుల ప్రాణం మీదికి తెచ్చేవాటిలో చాలావరకు మనం ప్రేమతో పెట్టేవే.

ముద్దుగా పెడితే ముప్పు

ప్లమ్ కేకు నిండా ఉండేది ఎండుద్రాక్ష. మనకు బలమిచ్చే ఆ కిస్మిసే కుక్కకు విషమవుతుంది. ద్రాక్షపండైనా, ఎండుద్రాక్షయినా చాలా కుక్కల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పడానికి వీల్లేదు. ఒక కుక్క గుప్పెడు తిన్నా హాయిగా తిరుగుతుంది, మరొకటి నాలుగు తిన్నా మంచం పడుతుంది. అందుకే 'కిందటేడాది పెట్టాం, ఏమీ కాలేదుగా' అన్న ధైర్యం పనికిరాదు.

ఇలా ఎందుకవుతుందో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. అమెరికాలోని ఏఎస్‌పీసీఏ సంస్థ పశువైద్యులు 2021లో ఒక కారణాన్ని సూచించారు. ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లమే దోషి అయి ఉండొచ్చన్నది వారి మాట. ఇదే ఆమ్లం మన చింతపండులోనూ దండిగా ఉంటుంది. చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు 2022లో వైద్య పత్రికకెక్కాయి. అంటే కేకుతో పాటు పులిహోర, పులుసు కూడా దానికి దూరంగా ఉంచాల్సినవే!

ఇక చాక్లెట్. అందులోని థియోబ్రోమిన్ మన ఒంట్లోంచి తొందరగానే పోతుంది. కుక్కలో అలా కాదు. సగం తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది. చాక్లెట్ నల్లబడేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. 10 కిలోల కుక్క 40 గ్రాముల డార్క్ చాక్లెట్ తింటే వాంతులు, విరేచనాలు, దడ మొదలుకావచ్చు. అంతకు రెండు మూడింతలు తింటే గుండె లయ తప్పడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. కేకుల్లో వాడే కోకో పొడి ఇంకా ఘాటు.

చక్కెర లేని చూయింగ్ గమ్‌లు, మిఠాయిల్లో వాడే జైలిటాల్ మరీ మోసకారి. తిన్న అరగంటలోనే కుక్క రక్తంలో చక్కెర పడిపోయి సొమ్మసిల్లవచ్చు. బిర్యానీ ఎముకలదీ ఇదే కథ. ఉడికిన ఎముక పెళుసుగా విరిగి గొంతులో, పేగులో గుచ్చుకుంటుంది. మసాలాలోని ఉల్లి, వెల్లుల్లి కుక్కల్లో, అంతకుమించి పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి.

తళుకు తాళ్లు... పిల్లికి ఉరితాళ్లు

చెట్టుకు చుట్టే మెరుపు దారాలంటే పిల్లికి మహా సరదా. దాని నాలుక మీద లోపలికి వంగిన ముళ్లుంటాయి. దారం ఒకసారి తగులుకుంటే ఉమ్మేయలేదు, మింగాల్సిందే. అది లోపల పేగును కుచ్చులు కుచ్చులుగా లాగేస్తుంది, కోసేస్తుంది కూడా. నోట్లోంచో, వెనకనుంచో దారం కొస కనిపిస్తే పొరపాటున కూడా లాగకండి. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

సీరియల్ బల్బుల తీగను కుక్కపిల్ల కొరికితే షాక్ కొడుతుంది. అప్పటికి బాగానే కనిపించినా కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. బయటికెళ్లేటప్పుడు, పడుకునేటప్పుడు ప్లగ్ తీసేయడం మంచిది. పాటలు పాడే బొమ్మల్లోని బటన్ బ్యాటరీలు మింగితే గొంతు, అన్నవాహిక కాలిపోతాయి.

పిల్లి ఉన్న ఇంటికి లిల్లీ పూల బొకే వస్తే వెంటనే బయటికి పంపేయండి. ఆ పుప్పొడి ఒంటిమీద పడి, పిల్లి దాన్ని నాకినా చాలు... మూత్రపిండాలు పాడైపోతాయి. వాజులోని నీళ్లూ ప్రమాదమే.

గేటు జాగ్రత్త!

అర్ధరాత్రి క్యారల్స్ బృందం డప్పులతో, గిటార్లతో వస్తుంది. డిసెంబరు 31 రాత్రి టపాసులు పేలతాయి. కుక్క చెవికి అది మనకు వినిపించేదానికన్నా పెద్ద గోల. వచ్చేపోయే బంధువులతో గేటు తీసే ఉంటుంది. బెదిరిన కుక్క ఒక్క ఉదుటున వీధిలో పడుతుంది. అందుకే ఆ సమయానికి దాన్ని లోపలి గదిలో ఉంచి, కిటికీలు మూసి, తన దుప్పటి, నీళ్ల గిన్నె పక్కన పెట్టండి. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయడం మరవొద్దు. చర్చికి వెళ్లేముందు సాయంత్రమే కాస్త తిప్పుకొస్తే అలసి నిద్రపోతుంది.

తినేస్తే ఏం చేయాలి?

* 'వాంతులు మొదలైతే చూద్దాం' అని ఆగొద్దు. ద్రాక్ష తిన్న కుక్క మొదటిరోజు మామూలుగానే కనిపించవచ్చు. ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. తిన్న గంటా రెండు గంటల్లోపే డాక్టరు వాంతి చేయించగలిగితే చాలావరకు గట్టెక్కినట్టే.

* ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. ఆ ఉప్పే మరో విషమవుతుంది. పాలు పోసినా విషం విరగదు.

* ఏం తింది, ఎంత తింది, ఎప్పుడు తింది, దాని బరువెంత... ఈ నాలుగూ డాక్టరుకు చెప్పండి. ప్యాకెట్ ఉంటే వెంట తీసుకెళ్లండి.

* మన మాత్రలు వేయొద్దు. పారాసిటమాల్ ఒక్క బిళ్లయినా పిల్లి ప్రాణం తీయగలదు.

* పండగరోజు మీ డాక్టరు ఊళ్లో ఉంటారో లేదో ముందే కనుక్కోండి. లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసిపెట్టుకోండి.

మరి టామీకి పండగ లేదా అంటారా? ఎందుకు లేదు! కోడికూరలో ఉల్లి, ఉప్పు, మసాలా పడకముందే ఎముకల్లేని నాలుగు ముక్కలు తీసి విడిగా ఉడికించండి. చిన్నచిన్నగా తుంపి ఓ గిన్నెలో పెట్టి ఇంట్లో పిల్లలకు అప్పగించండి. వచ్చిన చుట్టాలెవరైనా టామీకి పెట్టాలని ముచ్చటపడితే ఆ గిన్నెలోంచే ఒక్క ముక్క ఇవ్వాలన్నమాట. చుట్టాల ముచ్చటా తీరుతుంది, టామీకీ పండగే. కాపలా పని దొరికిన పిల్లల హడావుడి సరేసరి!