సంతకెళ్ళిన కోడిని మళ్ళీ గూట్లో పెట్టకండి

మీ పెరట్లో పది పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయనుకోండి. పిల్లల ఫీజుకో, పండుగ ఖర్చుకో చేతిలో డబ్బు ఆడక నాలుగు కోళ్ళను గంపలో వేసుకుని సంతకు వెళ్ళారు. రెండు అమ్ముడుపోయాయి. మిగతా రెండింటికి బేరం కుదరలేదు. పొద్దు వాలిపోతోంది. మారుబేరగాడు అడిగిన ధరకు ఇవ్వబుద్ధి కాలేదు. 'వచ్చే వారం చూద్దాంలే' అనుకుని ఇంటికి తెచ్చి, ఎప్పటిలాగే మిగతా వాటితో పాటు గూట్లోకి తోలారు. వారం తిరక్కముందే ఒక పెట్ట మునగదీసుకుంది. పది రోజుల్లో గూడు ఖాళీ!

ఇది మీలో చాలామందికి అనుభవమే. 'కొక్కెర తెగులు తగిలింది, గాలి మంచిది కాదు' అని సరిపెట్టుకుంటాం. కానీ చాలాసార్లు ఆ తెగులు గాలిలో కాదు, మన గంపలోనే ఇంటికి వచ్చింది. సంతలో పది ఊళ్ళ కోళ్ళు ఒకచోట చేరతాయి. ఒకదాని రెట్ట ఇంకొకటి తొక్కుతుంది, ఒకే చిప్పలో నీళ్ళు తాగుతాయి. జబ్బు ఇంకా పైకి కనిపించని కోడి కూడా రోగక్రిములను వదులుతూనే ఉంటుంది.

ప్రాణంతో ఉన్న కోళ్ళు, జంతువులను అమ్మే సంతలను పూర్తిగా మూసేయాలని ప్రపంచంలో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. మూస్తే పేదవాడి నోటి దగ్గర కూడు తీసేసినట్టేనని మరికొందరు అంటున్నారు. ఈ వాదన మన పెరటి కోడికి కూడా సంబంధించిందే. అందుకే ఇతర దేశాల్లో ఏం జరిగిందో, అందులో మనకు పనికొచ్చేదేమిటో చూద్దాం.

హాంకాంగ్ సంతల్లో ఏం జరిగింది?

1997 మార్చిలో హాంకాంగ్‌లోని కొన్ని ఫారాల్లో కోళ్ళు వేల సంఖ్యలో చనిపోయాయి. మే నెలలో మూడేళ్ళ బాలుడొకడు జ్వరంతో ఆస్పత్రిలో చేరి కన్నుమూశాడు. అతనికి సోకింది కోళ్ళలో ఉండే హెచ్5ఎన్1 వైరస్ అని ఆగస్టులో తేలింది. మనం బర్డ్ ఫ్లూ అంటున్నది దీన్నే. నవంబరు, డిసెంబరు నెలల్లో మరిన్ని కేసులు వచ్చాయి. మొత్తం 18 మందికి సోకితే 6 గురు చనిపోయారు.

డిసెంబరులో అక్కడి మార్కెట్లలో కోళ్ళను పరీక్షిస్తే, దాదాపు ప్రతి అయిదు కోళ్ళలో ఒకదానిలో ఆ వైరస్ కనిపించింది. ఏడాది చివర ప్రభుత్వం హాంకాంగ్‌లోని కోళ్ళన్నిటినీ, సుమారు 15 లక్షల పక్షులను, చంపించింది. జబ్బు అక్కడితో ఆగింది. కానీ జబ్బు లేని కోళ్ళు కూడా వాటితో పాటే పోయాయి.

అక్కడి దుకాణాల్లో కోడి పక్కనే బాతు, దాని పక్కన కంజుపిట్ట, పైబుట్టలో హంసబాతు ఉండేవి. బాతులు వైరస్‌ను కడుపులో పెట్టుకుని కూడా ఆరోగ్యంగానే తిరగగలవు. రెండు రకాల వైరస్‌లు ఒకే పక్షి ఒంట్లో చేరితే అవి కలిసిపోయి మూడో రకం పుట్టవచ్చు. 1997 నాటి వైరస్ అలా కలగలిసి పుట్టినదేనని శాస్త్రజ్ఞులు తేల్చారు.

అందుకని హాంకాంగ్ వాళ్ళు మొదట బాతులను, హంసబాతులను కోళ్ళ నుంచి వేరు చేశారు. 2001లో నెలకు ఒక రోజు 'సెలవు' పెట్టారు. ఆ రోజు అంగడిలో ఒక్క కోడి కూడా ఉండకూడదు. మిగిలినవాటిని ముందు రోజే కోసేయాలి. అంగడిని కడిగి ఆరబెట్టాలి. 2002లో కంజుపిట్టలను ప్రాణంతో అమ్మడం ఆపేశారు. 2003లో సెలవును నెలకు రెండు రోజులు చేశారు. 2008లో ఇంకొక నిబంధన వచ్చింది: రాత్రిపూట అంగట్లో ప్రాణంతో ఉన్న కోడిని ఉంచకూడదు. ఆ తర్వాత పరీక్షిస్తే అంగళ్ళలో వైరస్ దొరకడం బాగా తగ్గిపోయింది.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? సంతలో జబ్బును నిలబెట్టేది నిన్న మిగిలిపోయిన కోడి. అది ఇవాళ వచ్చిన కోడికి అంటిస్తుంది, ఇవాళ్టిది రేపటిదానికి అంటిస్తుంది. ఆ గొలుసు తెగితే వైరస్‌కు నిలువ నీడ ఉండదు.

అడవి జంతువులు చేరితే

2002 చివర్లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో సార్స్ అనే కొత్త జబ్బు పుట్టింది. 8 వేల మందికి పైగా సోకి 774 మందిని బలిగొంది. అక్కడి అంగళ్ళలో మాంసానికి అమ్మే పునుగుపిల్లి జాతి జంతువుల్లో అదే రకం వైరస్ దొరికింది. వాటికది మొదట గబ్బిలాల నుంచి వచ్చిందని తర్వాత తెలిసింది. అడవిలో దూరదూరంగా బతికే జంతువులను పట్టి, బోనుల్లో ఒకదానిపై ఒకటి పేర్చి, పక్కనే కోళ్ళు, మనుషులు ఉన్నచోట పెట్టడం వల్ల వచ్చిన చేటు ఇది.

2019 చివర్లో వూహాన్ నగరంలో కోవిడ్ మొదలైనప్పుడు తొలి కేసుల్లో చాలా భాగం ఒక మార్కెట్ చుట్టూనే కనిపించాయి. అక్కడ అడవి జంతువులను కూడా ప్రాణంతో అమ్మేవారు. ఆ వైరస్ మూలం మీద వాదన ఇంకా తెగలేదు. ఏదేమైనా 2020 ఫిబ్రవరిలో చైనా అడవి జంతువులను తినడాన్ని, తిండికోసం అమ్మడాన్ని నిషేధించింది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఉడుమును, అడవి కుందేలును పట్టడమూ అమ్మడమూ నేరమే. సంతలో ఎవరైనా చాటుగా తెస్తే 'మనకెందుకులే' అనుకోకండి. పక్కనే మీ కోళ్ళ గంప ఉంటుంది.

మూస్తే తీరుతుందా?

2013లో చైనాలో హెచ్7ఎన్9 అనే మరో కోళ్ళ వైరస్ మనుషులకు సోకింది. దీంతో వచ్చిన చిక్కేమిటంటే, కోడి నిక్షేపంలా ఉండేది, మనిషి పడిపోయేవాడు. ఏప్రిల్‌లో షాంఘై వంటి నగరాల్లో కోళ్ళ మార్కెట్లు మూశారు. కొద్ది రోజుల్లోనే ఆ నగరాల్లో కొత్త కేసులు దాదాపు ఆగిపోయాయి. కాబట్టి మూయాలనే వారి మాటలో నిజం ఉంది.

అయితే రెండో పక్క కూడా ఉంది. ఒకచోట మూసేసరికి వ్యాపారులు కోళ్ళను తెరిచి ఉన్న మార్కెట్లకు తరలించారు. వాటితో పాటు జబ్బూ వెళ్ళింది.

మలేసియాలో పందుల రైతులకు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. 1998లో పెరాక్ రాష్ట్రంలో పందులకు దగ్గు, జ్వరం వచ్చాయి. పెంచేవాళ్ళకు మెదడువాపు వచ్చింది. భయపడిన రైతులు పందులను అయినకాడికి అమ్మేశారు. లారీలెక్కిన పందులు దక్షిణాన నెగెరి సెంబిలాన్‌కు చేరాయి. 1999 తొలి నెలల్లో అక్కడ జబ్బు భగ్గుమంది. సింగపూర్ కబేళాలో పనిచేసే 11 మందికి సోకి ఒకరు చనిపోయారు. అదే నిపా వైరస్. మలేసియాలో 105 మంది మరణించారు. 10 లక్షలకు పైగా పందులను చంపేశారు. చనిపోయినవారిలో ఎక్కువమంది వాటిని పెంచిన రైతులు, పనివాళ్ళే. నాలుగు డబ్బులైనా దక్కుతాయని అమ్మిన జబ్బు పశువు చివరికి ఆ వృత్తినే ముంచింది.

మన దగ్గర సంత మూసేస్తే గేదె పాలు లేని ఇంట్లో నాలుగు కోళ్ళే ఆధారంగా బతికే ఆడమనిషి ఎక్కడ అమ్ముకోవాలి? ఇంటి ముందుకొచ్చిన బేరగాడు చెప్పిందే ధర అవుతుంది. పైగా అతని గంప ఇల్లిల్లూ తిరిగి జబ్బును పంచుతుంది. కాబట్టి సంత ఉండాలి. దాని తీరు మారాలి.

ఇక్కడ మనకొక మేలుంది. హాంకాంగ్ వాళ్ళు తంటాలు పడి తెచ్చుకున్న సెలవు మన వారపు సంతకు ముందే ఉంది. ఒక రోజు సంత, ఆరు రోజులు ఎండ. ఎండకు ఎండిన నేల మీద వైరస్ ఎక్కువ కాలం బతకదు. కానీ మిగిలిన కోడిని రైతు ఇంటికి తీసుకెళ్ళినా, బేరగాడు సోమవారం మిగిలినదాన్ని మంగళవారం మరో సంతకు పట్టుకెళ్ళినా ఆ సెలవు దండగే. సంతకు సెలవు దొరుకుతుంది గానీ వైరస్‌కు దొరకదు.

మన గుమ్మం దాకా వచ్చింది

మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో వచ్చింది. పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో ఫారాల కోళ్ళకు ఈ జబ్బేనని భోపాల్‌లోని ప్రయోగశాల తేల్చింది. కోడి మాంసం కొనేవాళ్ళు వెనకాడారు. ఆంధ్రా నుంచి వెళ్ళే కోళ్ళ లారీలను తెలంగాణ సరిహద్దులో ఆపేశారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డ ఈ జబ్బు సోకి మరణించింది.

బాగా ఉడికిన మాంసం, గుడ్డుతో భయం లేదు. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ చచ్చిపోతుంది. ప్రమాదమంతా పచ్చి మాంసంతో, జబ్బు కోడిని పట్టుకోవడంతో, కోయడంతో. కోడిని కోసేచోట పిల్లలను చేరనీయకండి. సరదాకైనా పచ్చి ముక్క వాళ్ళ చేతికి ఇవ్వకండి.

మీరు చేయాల్సినవి

1. సంతకు తీసుకెళ్ళిన కోడిని అమ్మేసే రండి. ఎంతకు తగ్గవచ్చో ఇంటి దగ్గరే అనుకుని వెళ్ళండి. పది, ఇరవై తగ్గినా గూడంతా పోవడం కంటే నయమే.

2. తప్పనిసరై వెనక్కి తెస్తే దాన్ని కొత్త కోడిగానే చూడండి. మిగతావాటికి దూరంగా వేరే గంప కింద కనీసం రెండు వారాలు, వీలైతే మూడు వారాలు ఉంచండి. దాని మేత, నీళ్ళ చిప్ప వేరు. ముందు గూటి కోళ్ళకు మేత వేసి, ఆ తర్వాతే దీని దగ్గరకు వెళ్ళండి. సంతలో కొన్న కోడికీ, చుట్టాలిచ్చిన పుంజుకూ, బరి నుంచి వచ్చిన పందెం కోడికీ ఇదే పద్ధతి.

3. గంపను సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. చెప్పులు, కాళ్ళు కడుక్కున్నాకే పెరట్లోకి వెళ్ళండి. ఈ వైరస్‌కు సబ్బంటే పడదు.

4. కోళ్ళను, బాతులను ఒకే గూట్లో మూయకండి. చెరువులో తిరిగే బాతులు తాగే నీళ్ళు కోళ్ళకు పెట్టకండి.

5. కొక్కెర తెగులుకు టీకా ఉంది. పిల్లలకు వారం రోజుల లోపు లసోటా చుక్క కంట్లో గానీ ముక్కులో గానీ వేయించండి. ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌2బి సూది వేయించండి. సంతకు తీసుకెళ్ళే ముందు రోజు వేయిస్తే లాభం లేదు. టీకా పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

6. బేరగాడిని గూటి దాకా రానివ్వకండి. కోడిని మీరే వీధిలోకి తెచ్చి చూపించండి.

దాచిపెడితే ఎవరికి నష్టం?

ఉన్నట్టుండి నాలుగైదు కోళ్ళు రాలిపోతే, తమ్మెలు, జుట్టు నీలంగా మారితే, తల వాస్తే, మెడ తిరిగిపోతే, ఆకుపచ్చగా పారుకుంటే అది కొక్కెర తెగులో బర్డ్ ఫ్లూనో కంటితో చెప్పలేం. పశువైద్యుడు నమూనా తీసి పంపాల్సిందే. దగ్గరి పశువైద్యశాలకు చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. అంతదాకా చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు. కాలవలో పారేయొద్దు, కుక్కలకు వేయొద్దు. డాక్టరు చూశాక లోతైన గోతిలో వేసి, పైన సున్నం చల్లి పూడ్చాలి.

'చెబితే అన్నీ చంపేస్తారు' అని చాలామంది భయం. అది అబద్ధం కాదు. బర్డ్ ఫ్లూ అని తేలితే చుట్టూ కిలోమీటరు మేర కోళ్ళను చంపుతారు. కానీ లెక్క చూసుకోండి. పరిహారం ఇచ్చేది అధికారులు చంపిన కోళ్ళకే. వాళ్ళు రాకముందే చచ్చిన వాటికి పైసా రాదు. తొలి రోజే చెబితే బతికున్న కోళ్ళు లెక్కలోకి వస్తాయి. వారం దాచిపెడితే గూడూ పోతుంది, డబ్బూ పోతుంది. ఈలోగా సంతకు తోలేస్తే పక్క ఊరికీ అంటుతుంది. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఇలాంటి జబ్బును తెలియజేయడం పశువుల యజమాని బాధ్యత కూడా.

పంచాయతీని అడగండి

సంతలో తట్ట దించితే మీ దగ్గర ఆశీలు వసూలు చేస్తారు. ఆ డబ్బుకు బదులుగా మీరు అడగాల్సినవి ఉన్నాయి. కోళ్ళకు ఒకచోట, బాతులకు వేరే చోట, మేకలు, గొర్రెలకు మరో చోట స్థలం ఇవ్వాలి. కోసేచోటు అమ్మేచోటుకు దూరంగా ఉండాలి. కడుక్కోవడానికి నీళ్ళ కుళాయి కావాలి. సంత ముగిశాక రెట్ట, ఈకలు ఊడ్చి పూడ్చాలి. నేల మీద సున్నమో బ్లీచింగ్ పౌడరో చల్లాలి. సంత వేలం పాట పెట్టేటప్పుడే ఈ షరతులు రాయించమని గ్రామసభలో పట్టుబట్టండి. పాట అయిపోయాక అడిగితే పాటదారు వినడు.

ఈ పనులేవీ పెద్ద ఖర్చువి కావు. పంచాయతీ చేసేదాకా ఆగనక్కర్లేనిది మాత్రం ఒకటుంది. వచ్చే సంత రోజు సాయంత్రం మీ గంపలో కోడి మిగిలితే, దాన్ని గూటి వైపు తీసుకెళ్ళకండి. పెరటికి అవతలి మూలన వేరే గంప బోర్లించండి.