వ్రాయని పాటలు

ఏండ్ల తరబడి తలపునకు రాని పాట యొకటి చెవిని బడగానే కన్నులు చెమర్చుట యెల్లరకు ననుభవమే. అపుడు మనకు స్ఫురించునవి పదములు మాత్రమే కావు. దానిని తొలుత వినిన యిల్లు, పాడిన కంఠము, నాటి సుఖదుఃఖములు నొక్కుమ్మడి లేచివచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకుడు పీటర్ జనాటా 2009లో ప్రకటించిన పరిశోధనలో, పరిచితమైన పాట సొంత జ్ఞాపకమును మేల్కొల్పునపుడు నుదుటి వెనుక నున్న మెదడు భాగము చుఱుకుగా పనిచేయునని తెలిపెను. మఱపువ్యాధిచే బంధువుల పేర్లకై తడుముకొను వృద్ధులు సైతము చిన్ననాటి పాట నందుకొనుట కలదు.

స్వస్థలమునకు దూరమైన కుటుంబములకు పాట యింకను ముఖ్యము. నేతపనికై తెలంగాణమునుండి షోలాపురమునకు వలసపోయిన పద్మశాలీల యాడపడుచులు నేటికిని బతుకమ్మ నాడుచున్నారు. హోసూరు, మదుర ప్రాంతములందు ఇంట తెలుగు మాటాడుచు, చదువనేరని వారు పెక్కురు. అట్టివారికి లాలిపాటయు, మంగళహారతియు, అప్పగింతల పాటయునే తెలుగు పుస్తకములు. పాడు ముసలమ్మతో నా పుస్తకము మూతపడును.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందెను. ఆయన కృతులు పెక్కు మనకు దక్కుటకు కారణము, వాలాజపేట వేంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు వానిని శ్రద్ధతో వ్రాసియుంచుటయే. ఆ భాగవతారు సౌరాష్ట్రుడు. తెలుగు ఆయన యింటి భాష కాదు. పరభాషీయుడు మన పాటకై యింత పాటుపడగా, మన యింటి పాటలకు మనమేమి చేసితిమి?

రాజధానిలో కొలువులును వృత్తులును చేయు మనము దస్తావేజులను భద్రముగా పెట్టెలో నుంచుదుము. గజము నేలకై యేండ్లకొలది వ్యాజ్యములాడుదుము. అమ్మమ్మ పాటకు మాత్రము కాగితపు ముక్కయైన లేదు. అందుకు పెద్ద సభలు, చందాలు నక్కఱలేదు. జేబులోని ఫోనుతో పాటను పట్టి, పాడినవారి పేరు, ఊరు, సందర్భము ఒక నోటుపుస్తకమున వ్రాసిన చాలును. అర్థము తెలియని మాటలను దిద్దక, వినినది వినినట్లే వ్రాయవలెను.

మా మనవి యొక్కటే: ఈ పనిని వచ్చు సెలవులలోనే మొదలిడుడు. పాడువారి వయస్సు మన తీరిక కొఱకు ఆగదు.