672 పక్కన ఏముంది?

మనలో చాలామందికి ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక నంబరు. జన్యువులదీ అదే తీరు. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ1 జన్యువుకు అమెరికాలోని ఎన్‌సీబీఐ ఇచ్చిన నంబరు 672. ఆర్‌ఎన్‌ఎఫ్53 అన్నా, ఎఫ్‌ఏఎన్‌సీఎస్ అన్నా ఆ జన్యువే.

ఏ పేరు ఏ నంబరుదో చెప్పే జతలు బయోకండక్టర్‌లో దొరుకుతాయి. 'ఆర్' భాషలో జన్యు సమాచారాన్ని విశ్లేషించడానికి 2001లో మొదలైన ప్రాజెక్టు అది. ఆ జతలను దాచిన వస్తువును బైమ్యాప్ అంటారు. పేరు అడిగితే నంబరు చెబుతుంది. తిరగేస్తే నంబరుకు పేర్లు చెబుతుంది. కానీ అది పట్టిక కాదు. మన ప్రయోగ ఫలితాలతో కలపాలంటే ముందు దాన్ని పట్టికగా మార్చుకోవాలి.

ఈ పనిలో చేరిన కొత్తలో నేను అక్కడే పొరపాటు చేశాను. బైమ్యాప్‌ను తిరగేసి, లిస్టుగా మార్చి, 'అన్‌లిస్ట్' అనే ఫంక్షన్‌తో ఒకే వరుసగా పరిచాను. ఒక నంబరు కింద చాలా పేర్లుంటే, వాటిని వేరుగా చూపడానికి అన్‌లిస్ట్ ఆ నంబరు చివర 1, 2, 3 అని అతికిస్తుంది. అలా 672 కాస్తా 6721, 6722 అయింది. ఎర్రర్ ఏదీ రాలేదు. కానీ 6721 కొలెస్ట్రాల్ తయారీని నడిపించే ఎస్‌ఆర్‌ఈబీఎఫ్2 జన్యువు నంబరు. 6722 ఎస్‌ఆర్‌ఎఫ్ అనే మరో జన్యువుది. క్యాన్సర్ జన్యువు మారుపేర్లు పోయి వాటి పక్కన కూర్చున్నాయి. అది పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

దీనికి సరైన దారి 'టూటేబుల్' అనే ఫంక్షన్. బైమ్యాప్‌ను దానికి అందిస్తే రెండు నిలువు వరుసల పట్టిక వస్తుంది: ఒకదాంట్లో నంబరు, రెండోదాంట్లో పేరు. ఒక్కో జతకు ఒక్కో అడ్డువరుస. 672కు ఎన్ని పేర్లుంటే అన్నిసార్లు 672 అనే కనిపిస్తుంది, ఒక్క అంకె కూడా మారదు.

అలా మళ్లీ మళ్లీ వచ్చే వరుసలను చూసి కంగారుపడి చెరిపేయకండి. అయితే ఫలితాలతో కలిపాక వరుసలు పెరుగుతాయి కాబట్టి, జన్యువులను లెక్కపెట్టేటప్పుడు వరుసలను కాక వేర్వేరు నంబర్లను లెక్కపెట్టండి. ఒకే మారుపేరు రెండు జన్యువులకు ఉంటే, ఏది మనదో మనమే చూసి తేల్చుకోవాలి.

ఇప్పుడు ఏ పట్టిక చేసినా ముందు 672ను వెతుకుతాను. దాని పక్కన ఆర్‌ఎన్‌ఎఫ్53 కనిపించాకే తర్వాతి పనికి వెళ్తాను.