సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి – మా నాన్న చెప్పిన ఆయిలింజను పాఠం

ఈ దేశానికి వచ్చిన మనవాళ్ళందరి కథా ఇంచుమించు ఒకటే. మొదట బస్సు పాసు. తర్వాత ఎవరో స్నేహితుడు ఊరు మారుతూ చవగ్గా ఇచ్చేసిన చిన్న కారు. ఆ తర్వాత పిల్లలు, పిల్లల వెనకే ఇండియా నుంచి అమ్మానాన్నలు. అప్పుడు మొదలవుతుంది "పెద్ద బండి" ఆలోచన. మా ఇంట్లో అది 2017 చివర్లో మొదలైంది.

మేముండేది స్లౌలో. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్ళు, బాబు నెలల పిల్లవాడు. వేసవికి అమ్మా నాన్నా వస్తున్నారు. పిల్లవాడి సీటు, తోపుడు బండి, నాన్నమ్మ తెచ్చే ఆవకాయ జాడీలు అన్నీ పట్టాలంటే చిన్న ఎస్‌యూవీ అయినా కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. "డీజిల్ తీసుకో, మైలేజీ బాగా వస్తుంది, రోడ్ టాక్సు కూడా తక్కువ" అన్నారు తెలిసినవాళ్ళందరూ.

వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. 2001లో ఇక్కడి ప్రభుత్వం రోడ్ టాక్సును కార్బన్ డయాక్సైడు లెక్కకు ముడిపెట్టింది. డీజిల్ బండి అదే దూరానికి తక్కువ ఇంధనం తాగుతుంది కాబట్టి టాక్సూ తగ్గింది. దాంతో జనం డీజిల్ వైపు మళ్ళారు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల మోసం బయటపడ్డాక ఆ మోజు తగ్గింది, ధరలూ మెత్తబడ్డాయి. సరిగ్గా అదే అదనుగా భావించి 2012 మోడల్ డీజిల్ బండి ఒకటి కొనేశాను. మెరుస్తున్న నల్ల రంగు, ఎత్తయిన సీట్లు. నేను చూసింది ఆ రెండే!

చూడనిది ఏమిటంటే మా జీవితం. నేను ఆఫీసుకు రైల్లో వెళ్తాను. బండి మా శ్రీమతి చేతిలో ఉంటుంది. ఇంటి నుంచి బడికి మైలున్నర. పొద్దున వెళ్ళి రావడం, సాయంత్రం వెళ్ళి రావడం. మధ్యలో ఎప్పుడైనా కూరగాయల కొట్టు. ఆ చలికాలమంతా బండి ఒక్కసారైనా ఒళ్ళు వేడెక్కేదాకా తిరగలేదు.

మార్చిలో డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ దీపం వెలిగింది. చిన్న డబ్బా, దాని నిండా చుక్కలు. "ఏవండీ, ఇదేదో రాళ్ళున్న బియ్యం డబ్బాలా ఉంది, ఏమిటిది?" అని మా శ్రీమతి అడిగింది. "బండి నడుస్తోందిగా, చూద్దాంలే" అన్నాను. ఆ "చూద్దాంలే" ఖరీదు తర్వాత తెలిసింది.

మోటర్‌వే పక్కన పులిహోర

ఏప్రిల్‌లో అమ్మా నాన్నా వచ్చారు. మొదటి శనివారమే టివిడేల్ బాలాజీ గుడికి ప్రయాణం కట్టాం. వంద మైళ్ళ పైచిలుకు దారి. అమ్మ తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపింది. బీకన్స్‌ఫీల్డ్ దగ్గర ఎం40 ఎక్కి హై వికంబ్ చడావు మొదలయ్యేసరికి ఆ పసుపు దీపం టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది, దాని పక్కన ఇంకో దీపం వెలిగింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా బండి ముందుకు పోదు. వెనక లారీలు హారన్లు. నా చేతులు చల్లబడిపోయాయి. వెనక సీట్లో పసివాడు, పక్కన అమ్మ "వేంకటేశ్వరా" అంటోంది.

ఎలాగో ఎడమ పక్కకు లాగి ఆపాను. అందరం ఎడమ వైపు తలుపుల్లోంచి దిగి ఇనుప కంచె అవతల నిలబడ్డాం. బండి మోసుకెళ్ళే లారీ రావడానికి గంటన్నర పట్టింది. ఆ చలిగాలిలో బాబును నాన్న తన శాలువాలో చుట్టుకున్నారు. కాసేపటికి అమ్మే పులిహోర డబ్బా తెరిచింది. "స్వామికి ఇక్కడి నుంచే దణ్ణం పెట్టుకోండి" అంది. ఇప్పుడు నవ్వుకుంటాం గానీ, ఆ రోజు నాకు తల ఎత్తి ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు.

గారేజీలో మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎంత దూరం నడుపుతారు?" మైలున్నర చొప్పున నాలుగుసార్లు అన్నాను. ఆయన నవ్వి, తలుపుకు తగిలించిన మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

సంగతి ఇది. డీజిల్ మండితే సన్నటి మసి వస్తుంది. అది గాలిలో కలవకుండా పొగగొట్టంలో ఒక జల్లెడ ఉంటుంది. దాన్నే డీపీఎఫ్ అంటారు. జల్లెడ నిండుతున్నప్పుడు బండి తనంతట తానే ఆ మసిని కాల్చి బూడిద చేసుకుంటుంది. అందుకు దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి రావాలంటే గంటకు 40 మైళ్ళు దాటిన వేగంతో పది పదిహేను నిమిషాలు ఆగకుండా నడవాలి. మా బండికి ఆ అవకాశం ఎప్పుడిచ్చాం?

ఇదంతా తెలుగులో చెప్పగానే నాన్న, "ఒరేయ్, మన ఆయిలింజను గుర్తులేదురా? పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే గొట్టం నిండా మసే గదా. ఎద్దును కట్టేసి మేపితే కుదరదు, పనిలో పెట్టాల" అన్నారు. తెనాలి పక్కన మా పల్లెలో మురుగుకాలువ నుంచి చేలోకి నీళ్ళు తోడిన ఆ ఇంజను చప్పుడు వింటూ పెరిగినవాణ్ణే నేను. చదువు ఎక్కువై ఆ పాఠం మరిచిపోయాను.

అదృష్టం కొద్దీ జల్లెడ మార్చాల్సిన పని పడలేదు. మారిస్తే వెయ్యి పౌండ్లు దాటేది. శుభ్రం చేసి, నూనె మార్చి ఇచ్చారు. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఎం4 మీద రీడింగ్ దాకా వెళ్ళి రావడం మా ఇంటి నియమమైంది. బండి కోసం మొదలెట్టిన ఆ తిరుగుడులోనే నాన్న మనవరాలికి చేలూ, పంటలూ, మురుగుకాలువ మీద తాటిదుంగ వంతెనా అన్నీ చెప్పారు. ఇంట్లో టీవీ ముందు ఆ మాటలు వచ్చేవి కావు.

"నాన్నా, ఈ కారు వెనక్కి నడిచిందా?"

2023 ఆగస్టు 29న లండన్ యూలెజ్ అన్ని బరోలకూ విస్తరించింది. డీజిల్ బండి యూరో 6 ప్రమాణానికి సరిపోకపోతే ఆ హద్దులో నడిపిన రోజుకు 12.50 పౌండ్లు. మాది యూరో 5. హీత్రూ విమానాశ్రయం కూడా హద్దులోనే ఉంది. హౌన్‌స్లోలో పిల్లల తెలుగు క్లాసుకు ఆదివారం ఆదివారం వెళ్ళినా ఏడాదికి 650 పౌండ్లు! పాత బండి ఇచ్చేస్తే డబ్బిచ్చే లండన్ పథకం అప్పట్లో లండన్‌లో ఉండేవాళ్ళకే వర్తించేది. స్లౌ వాళ్ళం బయటివాళ్ళం. బండి అమ్మక తప్పలేదు.

ఈసారి ముందు లెక్క వేశాను, బండి తర్వాత. అప్పటికి నా ఉద్యోగం స్విండన్‌కు మారింది. వారానికి మూడు రోజులు, ఒక్కో వైపు దాదాపు 60 మైళ్ళు, అంతా మోటర్‌వే. ఇది డీజిల్‌కు తగిన పని. మళ్ళీ బడి చుట్టూ తిరిగే పనే అయితే పెట్రోలో, హైబ్రిడ్డో తీసుకునేవాణ్ణి. యూలెజ్‌కు పెట్రోలు బండి యూరో 4 అయినా చాలు.

పరిశోధన బాధ్యత పదకొండేళ్ళ మా అమ్మాయి తీసుకుంది. మూడేళ్ళు నిండిన బండ్లకు ఏటా ఎంఓటీ పరీక్ష ఉంటుంది కదా. నంబరు ప్లేటు కొడితే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పరీక్షల చరిత్రంతా ఉచితంగా వస్తుంది. ఒక బండి మాకు బాగా నచ్చింది. అది 2021 పరీక్షలో 81 వేల మైళ్ళు, 2022లో 62 వేలు! "నాన్నా, ఈ కారు వెనక్కి నడిచిందా?" అంది. మీటరు తిప్పేశారన్న మాట. ఆ బండి చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

చివరికి 2016 మోడల్ తీసుకున్నాం. కొనేముందు మేం చూసుకున్నవి ఇవీ:

• యూరో 6: 2015 సెప్టెంబరు నుంచి కొత్తగా రిజిస్టరయ్యే కార్లన్నీ సాధారణంగా ఈ ప్రమాణానివే. అయినా లండన్ రవాణా సంస్థ వెబ్‌సైటులో నంబరు కొట్టి రూఢి చేసుకోండి.

• కాగితాలు: వీ5సీ లాగ్‌బుక్కులోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో కలవాలి. బండి మీద అప్పు మిగిలి ఉందేమో కొద్ది పౌండ్లు పెట్టి తనిఖీ చేయించండి.

• చల్లని ఇంజను: "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే ఎందుకో అడగండి. చల్లని ఇంజను స్టార్టయినప్పుడే దాని అసలు గుణం బయటపడుతుంది.

• పొగగొట్టం: స్టార్ట్ చేయకముందే తెల్లటి గుడ్డతో లోపల తుడవండి. జల్లెడ సవ్యంగా ఉంటే మసి పెద్దగా అంటదు. గుడ్డ నల్లగా వస్తే జల్లెడ పగిలిందనో, పీకేశారనో అనుమానించాలి. పీకేసిన బండి ఎంఓటీ పాసవదు.

• టైమింగ్ బెల్టు: చెయిన్ కాకుండా బెల్టున్న ఇంజనయితే ఎప్పుడు మార్చారో రసీదు చూపించమనండి. బెల్టు తెగితే ఇంజనే పోవచ్చు.

• ఎవరి దగ్గర: డీలరు దగ్గర కొంటే 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద, లోపమున్న బండిని 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయొచ్చు. వ్యక్తుల దగ్గర కొంటే ఆ రక్షణ లేదు.

కొన్నాక చేయాల్సినవి

నూనె విషయంలో పిసినారితనం వద్దు. జల్లెడ ఉన్న బండికి బూడిద తక్కువ వచ్చే రకం నూనె వేయాలి. ఏ రకమో హ్యాండ్‌బుక్కులో రాసి ఉంటుంది. నూనె మట్టం తగ్గడమే కాదు, పెరిగినా ప్రమాదమే. మసి కాల్చే పని మాటిమాటికీ మధ్యలో ఆగిపోతే డీజిల్ నూనెలోకి దిగుతుంది.

బండి ఆపాక కూడా ఫ్యాను జోరుగా తిరుగుతూ, వేడి వాసన వస్తుంటే మసి కాలుతోందని అర్థం. వీలుంటే ఇంకో పది నిమిషాలు అలా తిప్పి రండి. ట్యాంకు ఎప్పుడూ అడుగంటనీయకండి. డీజిల్ మరీ తక్కువుంటే చాలా బండ్లు మసి కాల్చే పని మొదలెట్టవు.

మా కొత్త బండికి యాడ్‌బ్లూ కూడా పోయాలి. నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం అది. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. వీడియోలో చూపిస్తే నాన్న, "కారుకు యూరియా చల్లుతున్నావంట్రా! ఎకరానికి ఎన్ని బస్తాలు?" అని ఒకటే నవ్వు. దాని మూత నీలం రంగులో ఉంటుంది. పొరపాటున కూడా డీజిల్ ట్యాంకులో పోయకండి. అది పూర్తిగా అయిపోతే ఆపిన బండి మళ్ళీ స్టార్ట్ కాదు.

ఇంకో మాట. ఇక్కడి బంకుల్లో డీజిల్ గొట్టం నలుపు, పెట్రోలుది ఆకుపచ్చ. పెట్రోలు గొట్టం సన్నం కాబట్టి డీజిల్ ట్యాంకులో సులువుగా దూరుతుంది. పొరపాటున పోస్తే తాళం తిప్పకుండా అక్కడే ఆగి సాయానికి ఫోన్ చేయండి.

పిల్లల కోసం

సైకిలు పంపు చివర వేలు అడ్డం పెట్టి గట్టిగా నాలుగుసార్లు కొట్టండి. పంపు వెచ్చబడుతుంది కదూ? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను చేసేది అదే. గాలిని పదహారో వంతుకో, ఇంచుమించు అంతకో నొక్కేస్తుంది. ఆ వేడికి డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు మాత్రం నిప్పురవ్వ కావాలి.

దీన్ని కనిపెట్టినాయన రుడాల్ఫ్ డీజిల్. ఆయన ఇంజను 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా నడిచింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపారు. అవును, మన పల్లీల నూనే! 1913లో ఓడలో ఇంగ్లండు వస్తూ ఆయన సముద్రంలో మాయమైపోయారు. ఏం జరిగిందో ఈనాటికీ ఎవరూ తేల్చలేదు.

ఇక మా సంగతి. స్విండన్ రాకపోకలతో బండికి పని బాగానే దొరుకుతోంది. ఆదివారం రీడింగ్ వెళ్ళాల్సిన అవసరం ఇప్పుడు లేదు. అయినా నాన్న ప్రతి వారం ఫోనులో అడుగుతారు, "ఏరా, రీడింగ్ పోయొచ్చారా?" అని. ఆయన అడిగేది బండి గురించి కాదని మా అమ్మాయే ముందు కనిపెట్టింది. అందుకే వీలున్న ఆదివారమల్లా నలుగురం బయల్దేరుతున్నాం. ఫోను బండి స్పీకరుకు కలిపితే, తెనాలి నుంచి నాన్న కబుర్లు స్లౌలో మొదలై రీడింగ్ దాకా సాగుతాయి. ఈమధ్య పులిహోర డబ్బా కూడా పెట్టుకుంటున్నాం. ఈసారి మాత్రం కంచె అవతల నిలబడి కాదు లెండి, కూర్చునే తింటున్నాం!